తాతగారి రివాల్వర్‌కు ఏ తూటా?

బొబ్బిలి, సాలూరు, కురుపాం, టెక్కలి, మందస. ఈ ఊళ్ల పేర్లు చెబితే ఒకప్పటి ఎస్టేట్లు గుర్తొస్తాయి. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, భూములు రైతువారీ కిందకు వచ్చాయి, దివాణాల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. కొన్ని ఇళ్లలో మాత్రం తుపాకులు, వాటి లైసెన్సులు తరం నుంచి తరానికి మారుతూ వచ్చాయి. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే అవి పోలీస్‌స్టేషన్‌లో డిపాజిట్ అవుతాయి, ఫలితాలు వచ్చాక మళ్లీ బీరువాలోకి చేరతాయి. అలా బయటికి వచ్చినప్పుడల్లా ఇంట్లో కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: దీంట్లో ఏ తూటా పడుతుంది?

పడుతుందా అన్నది ఒక ప్రశ్న, సరిపోతుందా అన్నది ఇంకో ప్రశ్న. చిక్కంతా ఈ రెంటినీ ఒకటనుకోవడంలోనే ఉంది. పాత రివాల్వర్‌లోకి దూరే తూటాలు నాలుగైదు రకాలు ఉండొచ్చు. వాటిలో ఒకటి దానికోసం తయారైనది. మిగతావి పేలుతాయి కూడా. అయితే ఆ పేలుడుకు సిలిండర్, అంటే తూటాలు కూర్చునే గదులున్న చక్రం, తట్టుకుంటుందో లేదో పేలిన తర్వాతే తెలుస్తుంది.

ముందుగా, అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. వెబ్లీ రకమైతే ఎడమవైపు పైన చిన్న లివర్ ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కి గొట్టాన్ని కిందకు వంచితే తుపాకీ మధ్యలో మడత తెరుచుకుంటుంది, సిలిండర్ మధ్య నుంచి నక్షత్రంలాంటి పళ్లచక్రం పైకి లేచి తూటాలను బయటకు తోస్తుంది. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ తర్వాతి మోడళ్లలో సిలిండర్ ఎడమపక్కకు తెరుచుకుంటుంది. పొట్టి బుల్‌డాగ్ రకాలకు కుడివైపు చిన్న తలుపు ఉంటుంది, ఒక్కో గదినీ అక్కడికి తిప్పుకుని చూసుకోవాలి. ఎటువైపూ తెరుచుకోని రకం ఒకటుంది. దాని సంగతి వేరు.

ఆ రకంలో సిలిండర్ వెనక ఒక్కో గదికీ ఒక్కో చిన్న ఇనుప చనుమొన ఉంటుంది. దాని మీద దెబ్బ పడితే నిప్పు పుట్టించే రాగి క్యాప్ పెట్టి, గదిలోకి ముందునుంచి మందూ సీసపు గుండూ కూరేవారు. 1851 ఆడమ్స్, 1856 బోమాంట్ ఆడమ్స్, కోల్ట్ నేవీ ఈ కోవలోవి. వీటికి తూటా అనేదే లేదు. కాబట్టి ‘దీనికి ఏ కార్ట్రిడ్జ్?’ అని దుకాణంలో అడగడం దండగ. మన ఏజెన్సీలో కనిపించే నాటు తుపాకీ ఎలా పని చేస్తుందో ఇదీ అంతే, కాకపోతే ఐదారు గదులు, ఇంగ్లండు పనితనం. ఆడమ్స్ మీద 54 అని అంకె ఉంటే అది అంగుళాల లెక్క కాదు. పౌను సీసంతో 54 సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత అని దానర్థం, అంటే .442 అంగుళం. మన 12 బోర్ తుపాకీ పేరు కూడా ఈ లెక్కలోంచి వచ్చిందే: పౌనుకు 12 గుండ్లు, .729 అంగుళం.

దీని తర్వాతది పిన్‌ఫైర్. ఫ్రాన్స్‌కు చెందిన లఫోషో తీసుకొచ్చిన పద్ధతి. తూటా పక్కనుంచి సన్నని మేకు బయటికి పొడుచుకొని ఉంటుంది, గుర్రం (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) ఆ మేకు మీద దెబ్బ కొడుతుంది. సిలిండర్ వెనక అంచున ఒక్కో గదికీ చిన్న గాడి కనిపిస్తే అది పిన్‌ఫైరే. ఈ తూటాలు 7, 9, 12 మిల్లీమీటర్లలో వచ్చేవి. ఇప్పుడు మామూలు దుకాణంలో దొరకవు, మరే తూటా వీటిలో పనికిరాదు. ఈ రెండు రకాల విషయంలో వెతుకులాట ఇక్కడితో ఆగిపోతుంది. అసలు తలనొప్పి వీటి తర్వాత వచ్చిన సెంటర్‌ఫైర్‌తోనే, అంటే తూటా అడుగున నడిమధ్య క్యాప్ ఉండే రకంతో.

గొట్టం మీద .38 అని చెక్కి ఉంటే, గుండు .38 అంగుళం లావుంటుందనుకోవడం సహజం. అలా ఉండదు. చెప్పుల నంబరు 8 అయితే కాలు ఎనిమిది అంగుళాలు కాదు కదా, ఇదీ అలాంటిదే. అమెరికాలో .36 క్యాప్ రివాల్వర్లను తూటా రివాల్వర్లుగా మార్చిన రోజుల్లో గుండు, ఇత్తడి తొడుగు ఒకే లావుండేవి. గుండు వెనక భాగాన్ని మాత్రం సన్నగా చెక్కి తొడుగులోకి దూర్చేవారు. తర్వాత గుండు మొత్తాన్నీ తొడుగు లోపలికి దించే పద్ధతి వచ్చింది. గుండు సన్నబడింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే .38 స్పెషల్ గుండు నిజానికి .357 నుంచి .358 అంగుళం. తర్వాతి రోజుల్లో వచ్చిన .357 మాగ్నమ్ పేరులోనే నిజమైన కొలత కనిపిస్తుంది.

ఇక .38 స్మిత్ అండ్ వెస్సన్ అనే పాత తూటా ఉంది. 1870ల చివర్లో వచ్చింది. దీని గుండు .361. తొడుగు పొట్టిది, .775 అంగుళం. 1898లో వచ్చిన .38 స్పెషల్ తొడుగు 1.155 అంగుళం. పొట్టిది కాస్త బొద్దు: అడుగు దగ్గర .386 అంగుళం. పొడవుది .379. తేడా అంగుళంలో ఏడు వేల వంతులు. కంటికి ఆనదు, వేలికి అసలే తెలియదు, ఇత్తడికి మాత్రం తెలుస్తుంది.

బ్రిటిష్ సైన్యం 1930ల్లో ఈ పొట్టి తూటాను తీసుకుని, 200 గ్రెయిన్ల బరువైన సీసపు గుండు బిగించి .38/200 అంది. తర్వాత రాగి మిశ్రమం తొడిగిన 178 గ్రెయిన్ల గుండు పెట్టి, సైనిక పద్ధతిలో .380 మార్క్ 2 అంది. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2, వెబ్లీ మార్క్ 4 రివాల్వర్లు దీనికోసమే. మన పోలీసుల దగ్గర, రిటైర్డ్ అధికారుల ఇళ్లలో తరచూ కనిపించినవి ఇవే. ఇక్కడే ఇంకో ముడి ఉంది. .380 అనే పేరుతో అంతకుముందే ఇంగ్లండులో మరో రివాల్వర్ తూటా ఉంది. .380 ఆటో అని పిస్టల్ తూటా ఇంకొకటి ఉంది. మూడింటికీ ఒకే అంకె. ఒకదాని బదులు ఒకటి వాడడానికి లేదు.

యుద్ధం ముగిశాక మిగులు రివాల్వర్లను అమ్ముకోవాలనుకున్న వ్యాపారులు ఒక తెలివి చూపించారు. పొట్టి తూటా గదిలో ముందుభాగాన చిన్న మెట్టు ఉంటుంది, దాంతో పొడవాటి తూటా లోపలికి పూర్తిగా దిగదు. ఆ మెట్టును తొలిచేశారు. ఇప్పుడు .38 స్పెషల్ దిగుతుంది. కానీ గది వెనకభాగం పాత బొద్దు తూటా కొలతలోనే ఉంది. పేల్చినప్పుడు తొడుగు ఉబ్బి ఆ ఖాళీని నింపాలని చూస్తుంది, నింపలేక నిలువునా చీలుతుంది. అటువంటి రివాల్వర్‌లోంచి తీసిన ఖాళీ తొడుగును వెలుతురులో తిప్పి చూస్తే, అడుగున వలయంలా ఉబ్బు, కొన్నింటికి పక్కన సన్నని నల్లటి చీలిక కనిపిస్తాయి. ఆ చీలిక గుండా వేడి వాయువు వెనక్కి, అంటే పేల్చినవాడి ముఖం వైపు వస్తుంది.

పీడనం సంగతి కూడా చూడాలి. అమెరికన్ ప్రమాణాల ప్రకారం .38 స్మిత్ అండ్ వెస్సన్‌కు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,500 పౌన్లు, .38 స్పెషల్‌కు 17,000, .357 మాగ్నమ్‌కు 35,000. మాగ్నమ్ తొడుగును స్పెషల్ కన్నా కాస్త పొడవుగా చేసింది, పాత స్పెషల్ రివాల్వర్‌లోకి అది దిగకుండా ఉండాలనే. గది లోపల మెట్టు లేకుండా సూటిగా తొలిచిన పాతకాలపు .38 రివాల్వర్‌లోకి మాత్రం అదీ దిగిపోతుంది. అంత ఘోరమైన జత ఇంకొకటి లేదు.

.455 కథ ఇంకొంచెం హుందాగా ఉంటుంది గానీ చిక్కు తక్కువేం కాదు. బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీ మార్క్ 1 తీసుకుంది, 1915లో మార్క్ 6 వచ్చింది. తూటా ముందు నల్ల తుపాకీమందుతో (బ్లాక్ పౌడర్) ఉండేది, తర్వాత కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. కార్డైట్‌కు తక్కువ జాగా చాలు కాబట్టి 1897లో తొడుగును కురచ చేశారు. అందుకే .455 పేరుతోనే పొడవు తొడుగు మార్క్ 1, పొట్టి తొడుగు మార్క్ 2 ఉన్నాయి. పొట్టిది రెంటిలోనూ పడుతుంది. అంతకుముందటి .450 ఆడమ్స్, .476 ఎన్‌ఫీల్డ్ కూడా ఈ కుటుంబంలోవే. అధికారులు సొంత డబ్బుతో కొనుక్కున్న వెబ్లీ గ్రీన్ మోడళ్ల మీద .455/.476 అని రెండంకెలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండు తూటాలూ పేల్చేలా చేశారని అర్థం.

వెబ్లీ మార్క్ 6ని కొనేటప్పుడు, లేదా వారసత్వంగా అందుకునేటప్పుడు, సిలిండర్ వెనక ముఖాన్ని పట్టి చూడాలి. అమెరికాలో .455 దొరక్క చాలావాటి సిలిండర్లను వెనక అరగదీసి, .45 ఆటో తూటాలను అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పుల్లో పెట్టి వాడుకున్నారు. అలా అరగదీసిన సిలిండర్ మీది సీరియల్ నంబరు తరచూ సగం తెగిపోయి ఉంటుంది. .45 ఆటోకు పీడనం గరిష్ఠంగా 21,000. .455 దానికి ఎంతో దిగువన ఉండే తూటా. ఫ్యాక్టరీ .45 ఆటో పేల్చడమంటే ప్రతి గుండుకూ ఆ పాత ఉక్కుకు పరీక్ష పెట్టడమే. కొన్నేళ్లు ఏమీ కాకపోవచ్చు కూడా. దాన్ని చూసే ‘మావాళ్లు వాడారు, ఏం కాలేదు’ అనే ధైర్యం వస్తుంది.

మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా కనిపించేది .32. కాన్పూర్‌లో తయారైన ప్రభుత్వ .32 రివాల్వర్లకు, 2014లో వచ్చిన నిర్భీక్‌తో సహా, పనికొచ్చేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. తొడుగు .920 అంగుళం. అంతకుముందటి .32 స్మిత్ అండ్ వెస్సన్ తొడుగు .605 అంగుళమే, 1878 నాటిది. పొట్టిది పొడవు గదిలో వేస్తే ఇబ్బంది లేదు. పొట్టి తూటాకు చేసిన పాత జేబు రివాల్వర్‌లో పొడవుది వేయకూడదు. వీటితో పాటు .32 ఆటో అని పిస్టల్ తూటా ఉంది. దాని అంచు కాస్త బయటికి ఉండటంతో రివాల్వర్ గదిలో జారిపోకుండా నిలబడుతుంది, పేలుతుంది కూడా. దాని పీడనం 20,500, లాంగ్‌ది 15,000. కాబట్టి దుకాణదారు ‘.32లో రివాల్వర్‌దా, పిస్టల్‌దా?’ అని అడిగితే విసుక్కోకండి. అడగని దుకాణదారుడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఇంత గందరగోళంలో నిజం ఎవరు చెబుతారు? ఇంట్లో పెద్దవాళ్లు చెప్పరు. పాత దివాణాల్లో పనిచేసినవాళ్లు చిన్న రేకు డబ్బా తెచ్చి, ‘ఇయ్యే బాబూ దీని తూటాలు, పెద్దబాబుగోరి కాలం నుంచీ ఇందలే ఉన్నాయి’ అంటారు. వాళ్ల మాటలో అబద్ధం ఉండదు. కానీ ఆ ఇంట్లో ఒకప్పుడు నాలుగు తుపాకులు ఉంటే, నాలుగింటి తూటాలూ ఆ డబ్బాలోనే చేరతాయి. కైనోక్ అని అడుగున చెక్కిన .455 పక్కనే, కిర్కీ ఫ్యాక్టరీ ముద్రతో .380 కనిపించొచ్చు. డబ్బా సాక్ష్యం చెల్లదు.

చెల్లే సాక్ష్యం ఇనుము మీద ఉంటుంది. ఇంగ్లండులో అమ్మకానికి పోయే తుపాకీ బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష దాటాలి. అక్కడ మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర కొడతారు. కిరీటం కింద ఎన్‌పీ అనే అక్షరాలుంటే పొగలేని నైట్రో మందుకు పరీక్షించినది, బర్మింగ్‌హామ్‌ది. కవచం తొడిగిన చెయ్యి కత్తి పట్టుకున్న బొమ్మ కింద ఎన్‌పీ ఉంటే లండన్‌ది. ఆ ముద్ర లేకపోతే బ్లాక్ పౌడర్ తుపాకీ అనే అనుకోవాలి, ఇవాళ్టి తూటా జోలికి పోకూడదు. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లియేజ్. అక్కడినుంచి వెబ్లీ బుల్‌డాగ్‌ను అచ్చుగుద్దిన నకళ్లు కుప్పలుగా వచ్చాయి, వాటి ఉక్కు మీద నాకు నమ్మకం తక్కువ. బాణం ముల్లు కింద ‘ఐ’ అనే అక్షరం కనిపిస్తే అది భారత ప్రభుత్వ సైనిక ఆస్తిగా ఉన్న ఆయుధం. అది ఆ ఇంటికి ఎలా వచ్చిందన్న కాగితం కూడా చూసుకోవడం మంచిది.

గొట్టం పైన రోడా, కలకత్తా అనో, మాంటన్ అనో, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ అనో ఉంటే దాన్ని తయారీదారు పేరనుకుని చాలామంది పొరబడతారు. అది అమ్మిన దుకాణం పేరు. 1914 ఆగస్టులో కలకత్తాలో విప్లవకారులు ఎత్తుకుపోయిన 50 మౌజర్ పిస్టళ్లు ఈ రోడా కంపెనీకి దిగుమతైనవే. మౌజర్లను చేసింది జర్మనీ, పేరు మాత్రం రోడా దోపిడీగా నిలిచిపోయింది.

అన్నింటికన్నా విలువైన ముద్ర ఒకటుంది, చాలామంది దాన్ని చూసీ వదిలేస్తారు. 20వ శతాబ్దపు బ్రిటిష్ ప్రూఫ్ ముద్రల్లో గొట్టం మీద చిన్న అక్షరాలతో ‘.38 .767 3½ టన్నులు’ అన్నట్టు వరుసగా ఉంటుంది. మొదటిది పేరు, రెండోది తొడుగు పొడవు, మూడోది చదరపు అంగుళానికి పీడనం. .767 అని ఉందంటే అది పొట్టి తూటాకు పరీక్షించినది, .38 స్పెషల్‌కు కాదు. ఇంకెవరినీ అడగక్కర్లేదు. (ఆ టన్నుల లెక్క పాత పద్ధతిలో కొలిచింది. పైన చెప్పిన అమెరికన్ అంకెలతో నేరుగా పోల్చడానికి కుదరదు.)

ఈ ముద్రలు మిగిలి ఉండాలంటే వాటిని తోమకూడదు. పండగకు ఇత్తడి సామాను చింతపండుతో తోమినట్టు రివాల్వర్‌నూ ఇటుకపొడితో మెరిపించిన ఇళ్లున్నాయి. మెరుపు వచ్చింది, ముద్ర పోయింది. మాసిన చోట కొంచెం సుద్దపొడి రాసి, మెత్తటి గుడ్డతో పైపైన తుడిచి, టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గుంటల్లో తెల్లగా అక్షరాలు తేలతాయి. కళింగపట్నం, భీమిలి వైపు ఉప్పుగాలి ఎలాగూ తన పని తను చేస్తుంది. దానికి తోడు తోలు సంచిలో పెట్టి దాచితే తేమ అందులోనే నిలిచి తుప్పు లోతుకు దిగుతుంది.

ముద్రలేవీ చదవడానికి వీల్లేకపోతే కొలతే గతి. ఇది లైసెన్సున్న గన్‌స్మిత్ పని. ఆయన సిలిండర్ గది వెనక లావు, ముందు లావు, మధ్యలో మెట్టు ఎంత లోతులో ఉందో చూస్తాడు. నమ్మకంగా తెలియాలంటే గదిలో అచ్చు పోస్తాడు. దానికి వాడే లోహం బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిసినది, వేడినీళ్లలోనే కరిగిపోతుంది. చల్లారాక ముందు కాస్త ముడుచుకుంటుంది, దాంతో సులువుగా బయటికి వస్తుంది. గంట తర్వాత ఉబ్బి గది అసలు కొలతకు వస్తుంది. అప్పుడే కొలవాలి. గొట్టం కొలవడానికి మెత్తటి సీసపు ముద్దను నూనె రాసి గొట్టంలోంచి తోస్తారు. ఇక్కడ వెబ్లీ ఒక తమాషా చేస్తుంది. దాని గొట్టంలో మెలిక తిరిగిన గాడులు ఏడు. బేసి సంఖ్య కావడంతో గాడికి ఎదురుగా గాడి ఉండదు, గట్టు ఉంటుంది. మామూలు కాలిపర్‌తో పట్టుకుంటే అసలు కన్నా తక్కువ కొలత చూపిస్తుంది. ఆ అంకె నమ్మి తూటా నిర్ణయిస్తే మొదటికే మోసం.

ఇదంతా తేలిన తర్వాత కూడా తూటా కొనగలమా అన్నది వేరే సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకే కాదు, తూటాకూ లైసెన్సు కావాలి. .38, .455 రివాల్వర్లను మన దగ్గర నిషిద్ధ బోర్ల కింద లెక్కిస్తారు. .32 ఆ జాబితాలో లేదు. అంటే తాతగారి వెబ్లీకి సరైన తూటా ఏదో రూఢిగా తెలిసినా, అది మామూలు లైసెన్సు మీద దుకాణంలో అందేది కాదు. 

చట్టంలోని 45(సి) సెక్షన్‌ను చాలామంది సగమే గుర్తుపెట్టుకుంటారు. పురాతనమైనది కాబట్టి లైసెన్సు అక్కర్లేదని వాదిస్తారు. ఆ సెక్షన్ చెప్పేది అది కాదు. పాతబడిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మడత తెరుచుకుని, సిలిండర్ తిరిగి, గుర్రం పడుతున్న వెబ్లీ ఆ కిందకు రాదు, అది ఏ సంవత్సరానిదైనా సరే. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్‌స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, తర్వాత తమ పేరు మీద లైసెన్సుకు పెట్టుకోవాలి. రేకు డబ్బాలోని తూటాలకూ ఇదే వర్తిస్తుంది. కిలుము పట్టి ఆకుపచ్చగా మారిన తూటా చచ్చిపోయిందని అనుకోవద్దు. దాన్ని విప్పడం, తోమడం, ‘ఒకటి పేల్చి చూద్దాం’ అనుకోవడం వద్దు. వాటినీ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి.

పాత లైసెన్సు పుస్తకం తెరిస్తే ‘.38 రివాల్వర్, ఒకటి’ అని మాత్రమే ఉంటుంది. ఏ .38 అన్నది ఉండదు. ఆనాటి గుమాస్తా గొట్టం మీద కనిపించిన అంకె దించాడు, అంతే. లైసెన్సు మార్పిడికి వెళ్లేటప్పుడు గన్‌స్మిత్ చేత తూటా పూర్తి పేరు, తొడుగు పొడవు, ప్రూఫ్ ముద్రలు, సిలిండర్ తొలిచారా అరగదీశారా అన్నది రాయించి, ఆ కాగితాన్ని దరఖాస్తుకు జతచేయండి.